మోకాలికో పప్పుగుత్తి

మా ఇంట్లో పప్పుగుత్తులు రెండుండేవి. ఒకటి పప్పుకి, ఒకటి మా నాన్న మోకాలికి. మొదట్లో రెండు పనులకీ ఒకటే ఉండేది. ఒకరోజు మా అమ్మ దాన్ని నాన్న చేతిలోంచి లాక్కుని, చెంబెడు నీళ్లు పోసి కడిగి, మళ్లీ పప్పులో పెట్టబోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు గోల్‌బజారుకి వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. పాతదాని పిడికి ఎర్ర రిబ్బను ముక్క కట్టి, ఇది కాళ్లది, వంటింట్లోకి వచ్చిందంటే పొయ్యిలో పెట్టేస్తానని ఇద్దరికీ చెప్పాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

మోకాలికి పప్పుగుత్తి ఏమిటని మీరు అడగొచ్చు. అది తెలియాలంటే మా నాన్న పని తెలియాలి. మా తాత విజయనగరం వైపు నుంచి పట్టాల పనికొచ్చి రాయ్‌పూర్‌లో ఉండిపోయాడు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే రైల్వేలో చేరాడు. స్టేషన్లో బండి ఆగగానే ఒక పక్క నాన్న, రెండో పక్క ఆయన జోడీదారు, పొడుగాటి పిడి ఉన్న సుత్తులు పట్టుకుని ఇంజను దగ్గర్నుంచి గార్డు పెట్టె దాకా ప్రతి చక్రానికీ ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయేవారు. బాగున్న చక్రం ఖంగుమని మోగుతుంది. బీట పడ్డది మోగదు, దబ్బుమంటుంది. మోగనిదానికి నాన్న సుద్దతో గీత పెడితే ఆ పెట్టెను బండి నుంచి విడదీసి పక్క లైన్లోకి తోసేసేవారు. బండి ఎంత ఆలస్యమైనా, లోపల ఎంత పెద్ద ఆఫీసరు కూర్చుని విసుక్కుంటున్నా సరే, ఆ గీత పడ్డాక పెట్టె కదలడానికి లేదు. ఆయనకున్న గర్వమంతా ఆ సుద్దగీతలోనే ఉండేది.

ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాడు. కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా, మంచం పట్టె కొన్నా కొట్టి, చెవి పెట్టి వినందే కొనేవాడు కాదు. పెళ్లిచూపులకొచ్చినప్పుడు నన్నొక్కదాన్నే కొట్టి చూళ్లేదు, అందుకే ఇలా దొరికాను అనేది మా అమ్మ. నాన్న మారు మాట్లాడకుండా నవ్వేవాడు. ఇల్లంతా మాటలు మా అమ్మవి, నావి. ఆయనవి చెవులు.

రాయ్‌పూర్‌లో వానలకి ముందు పెంకుటిళ్లవాళ్లంతా కప్పుల మీదికెక్కి పెంకులు తిరగేసుకుంటారు. విరిగినవి తీసి పారేసి, మంచివి మళ్లీ వరసగా పేర్చి, కోతులు గెంతి చేసిన కంతలు పూడ్చుకుంటారు. నాన్న జోడీదారు ఛత్తీస్‌గఢీ ఆయన. భన్‌పురిలో వాళ్లకి పెంకుటిల్లుండేది. ఏటా నాన్న తన సెలవురోజు చూసుకుని వెళ్లి, ఆ పనిలో చేయి వేసి, వాళ్లింట్లోనే అన్నం తిని వచ్చేవాడు. ఆ ఏడు కప్పు వాసం ఒకటి లోపల పుచ్చిపోయి ఉంది. దాన్నీ కొట్టే చూశాడట, పైనుంచి. పుచ్చు కింద ఉంది. కాలు మోపగానే వాసం విరిగి, వెల్లకిలా వచ్చి అరుగు అంచు మీద పడ్డాడు. రెక్కల ఎముకలకి కాస్త దిగువన, వీపు మధ్యలో దెబ్బ తగిలింది. పడ్డచోట చుక్క నెత్తురు లేదు. నడుమూ కాళ్లూ ఎవరో కోసుకుపోయినట్టుంది, చూడండి ఉన్నాయా అని అడిగాడట. మంచం మీద వేసుకుని ఆసుపత్రికి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు కోటు జేబులోంచి ఒక చిన్న సుత్తి తీశారు. దాని తలకి రబ్బరుంది. అంత బాధలోనూ నాన్న దానికేసి ఆశగా చూశాడు. డాక్టరుగారు ఒక మోకాలి చిప్ప కింద కొట్టారు. ఏమీ లేదు. రెండోదాని కింద కొట్టారు. మడమ వెనకాల నరం మీద కొట్టారు. అరికాలు గీశారు. ఎక్కడా ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాళ్లు రెండూ తడిబట్టల్లా పడి ఉన్నాయి. నాన్న నాకేసి తిరిగి, “దబ్బు” అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత ఐదారు వారాలు డాక్టరుగారు వచ్చినప్పుడల్లా కొట్టడం, నాన్న తల పక్కకి వంచి వినడం. ఆ రోజుల్లో ఆయన నిబ్బరంగానే ఉన్నాడు, నిజం చెప్పాలంటే మా అందరికన్నా. కాళ్లు బీట పడ్డాయి, ఇక మోగవు, పెట్టెని పక్కకి తొయ్యడమే అని తనే అనేవాడు. మా అమ్మ ఏడిస్తే కసిరేవాడు. అప్పుడు ఆయన అనుకున్నది నిజం. కానీ మోగడం లేదు కాబట్టి పోయాయనుకున్నాడు చూశారూ, అక్కడే తప్పు దాక్కుని ఉంది. అది మాకెవరికీ తెలియలేదు.

ఒకరోజు పొద్దున్న డాక్టరుగారు అలవాటుగా మోకాలి మీద కొట్టారు. కాలు ఎగిరి ఆయన చేతిని తన్నింది. రెండోది కొడితే అదీ ఎగిరింది. పాదాన్ని అరచేత్తో పైకి తోసి పట్టుకుంటే పాదం ఆగకుండా టకటకటక కొట్టుకుంది, కుట్టుమిషను తొక్కుతున్నట్టు. అరికాలు గీస్తే బొటనవేలు నిటారుగా పైకి లేచింది. దుప్పటి లాగినా చాలు, కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర ముడుచుకుని పైకొస్తున్నాయి. నాన్న పడ్డాక మొదటిసారి గట్టిగా నవ్వాడు. “మోగింది, సూసినావేటి? మోగింది” అన్నాడు నాతో. మా అమ్మ వార్డంతా పేడాలు పంచింది. పైడితల్లికి ఏం మొక్కుకుందో కూడా అందరికీ చెప్పేసింది.

డాక్టరుగారు పేడా తీసుకున్నారు గానీ తినలేదు. నేను అది చూశాను. కాసేపటికి నన్ను వరండాలోకి పిలిచారు. ఆయన మరాఠీ మనిషి, హిందీ మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరి పెట్టినట్టు మాట్లాడేవారు. మోకాలి దగ్గర కొడితే ఆ కబురు వెన్నులోకి పోతుందని, అక్కణ్ణుంచే కాలికి జవాబు వచ్చేస్తుందని, తల దాకా పోవలసిన పని లేదని చెప్పారు. మామూలుగా తల పైనుంచి ఆ జవాబుని కాస్త అదిమి పట్టి ఉంచుతుందట. నాన్నకి మధ్యలో దారి తెగింది. దెబ్బ తగిలిన కొత్తలో కింది భాగమంతా మొద్దుబారి ఊరుకుంది. ఇప్పుడు తేరుకుంది. తేరుకుంది గానీ పైనుంచి అదిమేవాళ్లు లేరు. అందుకే అంతంత ఎగురుతోంది. పుట్టిన పిల్లలకి అరికాలు గీస్తే వేలు అలాగే పైకి లేస్తుందని, నడక వచ్చే వయసుకి కిందికి ముడుచుకోవడం మొదలవుతుందని, నాన్న వేలు మళ్లీ వెనక్కి పోయిందని కూడా చెప్పారు.

అయితే మళ్లీ నడక నేర్చుకుంటాడా అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! కాదు, తెలివితక్కువదేం కాదు, కూతురి ప్రశ్న. ఆయన తల అడ్డంగా ఊపారు. తను చెప్పబోతే నాన్న వినలేదని, ఇంట్లోవాళ్లు మెల్లగా చెబితే మంచిదని అన్నారు. ఇంట్లోవాళ్లంటే నేనే. మా అమ్మకి చెబితే ఆవిడ ముందు డాక్టర్ని తిట్టి, తర్వాత నన్ను తిట్టి, ఆ సాయంత్రానికి ఇంకో మొక్కు మొక్కుకుంటుంది.

చెప్పేసి ఉండవలసింది. ఎందుకు చెప్పలేదో చెబుతాను. నాన్న సెలవు పుష్యమాసంతో అయిపోతుంది. అప్పుడు రైల్వే డాక్టర్లు ముగ్గురు కూర్చుని చూస్తారు. పనికి పనికొస్తాడంటే పనిలోకి పోవాలి. పనికిరాడని రాస్తే నాన్న ఉద్యోగం పోతుంది, దానికి బదులు ఇంట్లో ఒకరికి పని ఇస్తారు, మేముంటున్న రైల్వే క్వార్టరూ ఉంటుంది. ఇంట్లో ఒకరంటే ఎవరు? మా అమ్మకి సంతకం రాదు. నేను ఒక్కదాన్నే పిల్లని, మెట్రిక్ పాసయ్యాను. కాబట్టి నాన్నా, నీ కాళ్లు ఇక రావు అని నేను అంటే, దాని అర్థం నీ ఉద్యోగం నాకిచ్చెయ్ అని. రెండు మాటలూ ఒకే నోట్లోంచి రావాలి. ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ నాకు ఆ రెండోదే వినిపించేది.

పైగా, దాచడం ఎందుకు, నాకు ఆ ఉద్యోగం కావాలని ఉండేది. పొద్దున్నే సంచీ తగిలించుకుని ఆఫీసుకి పోయే ఆడపిల్లల్ని చూస్తే నాకూ అలా పోవాలని ఉండేది. నాన్న పడక ముందే ఉండేది ఆ కోరిక. అందుకే సిగ్గు.

ఇంటికొచ్చాక నాన్న సాధన మొదలుపెట్టాడు. పొద్దున్నే మంచం అంచుకి జరిపి, వెనకాల దిండ్లు పెట్టి, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టేవాళ్లం. సుత్తి ఇంట్లో లేదు, అది సర్కారువారిది, స్టేషన్లోనే ఉండిపోయింది. అప్పుడే పప్పుగుత్తి ఆయన చేతికొచ్చింది. పొడుగు పిడి, గుండ్రటి తల, కొయ్యది కాబట్టి దెబ్బ తగలదు. ఆ మోకాలికి ఒకటి, ఈ మోకాలికి ఒకటి. కాళ్లు ఎగిరేవి. నిన్నటికన్నా ఎక్కువ ఎగిరిందా తక్కువ ఎగిరిందా అని మా అమ్మని అడిగేవాడు. ఆవిడ రోజూ ఎక్కువే అనేది. జోడీదారు వారానికోసారి వచ్చేవాడు. “కా గా, బనే హస్?” అని బాగోగులు అడిగి, నాన్న కొట్టి చూపిస్తే కళ్లు తుడుచుకునేవాడు. తన ఇంటి కప్పు మీంచి పడ్డాడన్న బాధ ఆయనకి. కాలు ఎగిరినప్పుడల్లా ఆయనకి కాస్త ఊపిరాడేది. అదీ నేను చెప్పలేకపోవడానికి ఒక కారణం.

పని మాత్రం నేను చేశాను. ఒళ్లు తుడవడం, మూత్రం గొట్టం చూడడం, గంటగంటకీ పక్క మార్చడం, వీపు మీద ఎక్కడైనా ఎరుపు తేలిందా అని వెతకడం. వాటిలో వేలు పెట్టడానికి మా అమ్మకి కూడా చోటివ్వలేదు. కానీ ఆ కాళ్ల ఆట చూడలేకపోయేదాన్ని. పప్పుగుత్తి చప్పుడు వినగానే ఏదో ఒక పని కల్పించుకుని లోపలికి పోయేదాన్ని. దుప్పటి కప్పితే తన్ని పారేసేవి, నీళ్లు పెడితే తన్ని ఒలకబోసేవి. ఒకసారి పాత చీర చింపి రెండు కాళ్లనీ మంచానికి కట్టేశాను. వాటితో నాకు విరోధం. నాన్న మీద కోపం రాకుండా ఆ కోపమంతా కాళ్ల మీదికి మళ్లించాననుకుంటాను. ఏమీ తెలియని కాళ్లు, ఏ అర్థమూ లేని ఎగురుడు, దాన్ని పట్టుకుని ముసలాడు కలలు కంటున్నాడు అని పళ్లు కొరుక్కునేదాన్ని. ముసలాడేమిటి, ఆయనకి అప్పటికి నలభై ఆరేళ్లు.

ఆ శీతాకాలం ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. ఈదురుగాలి. మా అమ్మ బజారుకి పోయింది. నేను సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, రాజేసి, బొగ్గులు ఎర్రబడ్డాక వరండాలో నాన్నకి కాస్త ఎడంగా పెట్టి, లోపల బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు. చేతులకి వెచ్చగా ఉంటుందని వస్తువులు అందుకోవడానికి పక్కన పెట్టుకునే చేతికర్ర కొక్కెంతో సిగిడీని తన దగ్గరికి లాక్కున్నాడు. నాకు తెలియదు. కాసేపటికి నన్ను కేకేశాడు.

“గుంటా, సూడు సూడు. ఈయాల నాను కొట్టకుండానే ఆడతన్నాయి.”

ఆడనీ అన్నాను లోపల్నుంచే.

మళ్లీ పిలిచాడు. ఎప్పుడూ ఇంతలా లేదని, ఒచ్చి సూడమని. గొంతులో అంత సంతోషం ఉంది. నాకు చేట విసిరికొట్టాలనిపించింది. వస్తున్నానని అబద్ధం చెప్పి, బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను. మూడోసారి కూడా పిలిచాడు. అప్పుడు ఉన్ని కాలిన కంపు వచ్చింది.

పరుగెత్తుకెళ్లి చూస్తే కుడి మడమ సిగిడీ అంచు మీద ఉంది. కాలు గబుక్కున పైకి ముడుచుకుంటోంది, మళ్లీ జారి అక్కడే పడుతోంది, మళ్లీ ముడుచుకుంటోంది. పాపం, దానికి చేతనైనంత అది చేస్తోంది. లాక్కోవడం తెలుసు దానికి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నాన్న నవ్వుముఖంతో నాకేసే చూస్తున్నాడు, కాలికేసి కాదు. నేను సిగిడీని తన్నేశాను. నిప్పులు వరండా అంతా పడ్డాయి. మేజోడు మడమకి అతుక్కుపోయింది. తీస్తుంటే చర్మం దాంతో వచ్చేసింది. నేను ఏడుస్తూనే తీస్తున్నాను. ఆయనకి మాత్రం ఏమీ తెలియడం లేదు. నొప్పి పెట్టి ఆయన ఒక్కసారి అరిచి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

నాన్న వంగి ఆ మడమని చాలాసేపు చూశాడు. ఎంతసేపటి నుంచి అని అడిగాడు. తెలియదన్నాను. మూడుసార్లు పిలిచాను కదా అన్నాడు. అది నన్ను తప్పుపట్టినట్టు అనలేదు, లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత కుర్చీ పక్కనున్న పప్పుగుత్తి తీసి నా చేతికిచ్చి లోపల పెట్టేయమన్నాడు.

ఆ రోజు నుంచి నాకు బుద్ధొచ్చింది అంటే అది చిన్నమాట. ఆ ఎగురుడికి అర్థమే లేదని నేను నిశ్చయించేసుకున్నాను. కాళ్లు తిరిగొస్తున్నాయన్నది ఆయన తప్పు. కాళ్లు ఏమీ చెప్పడం లేదన్నది నా తప్పు. తలకి చెప్పుకునే దారి తెగిపోయి, ఆ కాళ్లు వాటికొచ్చిన ఒక్క మాటా పెద్దగా అరుస్తున్నాయి, కాలుతోంది అని. ఆయన దాన్ని ఆటనుకున్నాడు. నేను అసలు తల తిప్పి చూడనే లేదు. ఎవరి తప్పు పెద్దదంటే నాదే, ఎందుకంటే నాకు డాక్టరు చెప్పారు.

మడమకి కట్టు కట్టడానికి రోజు విడిచి రోజు ఆసుపత్రికి పోయేవాళ్లం. నాన్న డాక్టరుగారిని ఏమీ అడగలేదు. నన్నూ అడగలేదు. మూడు వారాలు పప్పుగుత్తి ముట్టుకోలేదు. మా అమ్మ కొట్టి చూడమని బతిమాలితే పుండు మానాక చూద్దాంలే అన్నాడు. నిరాశపడిపోయాడా, నా మీద కోపమా, ఏమీ అంతుపట్టలేదు. చెప్పాలంటే అదే సమయం. అయినా నేను చెప్పలేదు. కాలిన మడమ చూపించి, ఇక ఉద్యోగం ఇచ్చెయ్ అనడానికి ఇంకా పెద్ద గొంతు కావాలి.

డాక్టర్ల ముందుకి పోవడానికి రెండు రోజులుందనగా పప్పుగుత్తి తెమ్మన్నాడు. మంచం అంచున కూర్చుని కుడి మోకాలి మీద ఒక్కటి కొట్టాడు. ఎప్పటికన్నా ఎక్కువ ఎగిరింది. తల వంచి విన్నాడు. “బాగుంది. ఎల్లుండికి ఇది సాలు” అన్నాడు. కాలు ఎగిరేది చూపించి గడువు అడుగుతాడన్నమాట. గడువు మీద గడువు, జీతం లేని సెలవు, చివరికి వాళ్లే విసిగిపోయి ఏదో ఒకటి రాసేసేదాకా. ఆలోగా క్వార్టరు ఉంటుందో ఊడుతుందో. అయినా ఇదే ఆయన కోరితే ఇదే కానీ అనుకున్నాను. మడమ కాలిన రోజు నుంచి ఆయన దగ్గర ఏదీ అడిగే మొహం నాకు లేదు.

ఆ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనకాల ముగ్గురు. మా డాక్టరుగారు వాళ్లలో లేరు, కాగితాలు పంపించారు. నన్ను నాన్న కుర్చీ వెనకాల నిలబడనిచ్చారు. పెద్దాయన లేచొచ్చి సుత్తితో కొట్టారు. కాలు ఎగిరి బల్లకోడుకి తగిలింది. బల్ల మీద సిరాబుడ్డి కదిలింది. ఆయన కాగితాలు చూస్తూ, మీకేమైనా బాగైనట్టు అనిపిస్తోందా, కావాలంటే ఇంకో ఆరు నెలలు చూద్దాం, రాయమంటారా అని హిందీలో అడిగారు. ఆ అడగడంలో దయే ఉంది.

నాన్న జవాబు చెప్పే లోపల నేను, “దే దీజియే సాబ్” అనేశాను. ఆ ఆరు నెలలూ ఇచ్చెయ్యండి అని. ఎందుకన్నానో ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఆయన అడగబోయేది నేనే అడిగేస్తే, ఈ పిల్ల ఉద్యోగం కోసం చూడలేదు అని ఆయనకి తెలుస్తుందనుకున్నాను కాబోలు.

నాన్న చెయ్యి పైకెత్తి నన్ను ఆపాడు.

“నహీ సాబ్” అన్నాడు. “పైర్ హిలా హై. మైనే నహీ హిలాయా.”

కాలు కదిలింది, నేను కదపలేదు అని. అప్పుడు ఆయన తన పద్ధతిలో చెప్పుకొచ్చాడు. బ్రేకు దిమ్మ ఆనుకుని ఉన్నంతసేపూ చక్రం కొడితే ముక్తసరిగా మోగుతుందట. దిమ్మ ఎడంగా ఉంటే ఎక్కువసేపు మోగుతుందట. కొత్తవాళ్లు ఆ మోత విని, ఇది భలే చక్రం అనుకుంటారట. తనూ అలాగే అనుకున్నాడట. ఈ కాళ్లకి పైనుంచి బ్రేకు తెగిపోయింది సాబ్, అందుకే ఇంత మోత, ఇంకేం లేదు అన్నాడు. మా డాక్టరుగారు వరండాలో నాకు చెప్పినది, ఎవరూ చెప్పకుండా, మూడు వారాలు కుర్చీలో కూర్చుని ఆయన తన సుత్తి పని లెక్కతోనే తేల్చుకున్నాడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి, పనికిరాడు అని రాశారు. నాన్న తెలుగులో సంతకం పెట్టాడు. పెడుతుంటే కాలు ఇంకోసారి ఎగిరింది. ఎవరూ పట్టించుకోలేదు.

బయట రిక్షా ఎక్కించి, తువ్వాలుతో వెనకచువ్వకి ఆయన నడుము కట్టి, పక్కన కూర్చున్నాను. తిన్నగా ఇంటికి పోవాలనిపించలేదేమో, శంకర్ నగర్ వైపు నుంచి తిప్పి తీసుకెళ్లమన్నాడు. దారిలో ఇరుకు పట్టాల మీద నడిచే ధమ్తరీ చిన్నబండి వచ్చే వేళయి గేటు వేసేశారు. రిక్షా ఆగింది. చిన్నబండి పొగ వదులుకుంటూ, నడిచే మనిషి వేగంతో వచ్చింది. నాన్న తల పక్కకి వంచాడు. పెట్టెలు ఒక్కొక్కటీ పోతుంటే వింటున్నాడు. మూడో పెట్టెలో వెనక చక్రం అరిగింది, ఎవుడూ సూసినట్టు నేదు అన్నాడు. ఆయనకి ఇక ఆ పని లేదని అప్పుడు నాకు నిజంగా తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

నాన్నా, నాకు ముందే తెలుసు, ఆసుపత్రిలో ఉండగానే డాక్టరుగారు చెప్పారు అన్నాను.

ఆయన బండి కేసే చూస్తున్నాడు.

“నువ్వు నా కాళ్లకేసి సూడ్డం మానేసినప్పుడే నాకు అనుమానం ఒచ్చింది” అన్నాడు. “మా సెడ్డగా ఉన్నదాన్ని నువ్వు సూడవు. సిన్నప్పట్నుంచీ అంతే. సెప్తావేమో అని సూసినాను. మళ్లీ నువ్వు సెప్పకుంటే బాగుణ్ణనీ అనుకున్నాను.”

చెప్పి ఉంటే నన్నేమనుకునేవాడివని అడిగాను.

“ఉద్యోగం కోసం సెప్పిందనుకునేవోణ్ణి” అన్నాడు. చివరి పెట్టె దాటుతుంటే, “అది తప్పే. అయినా అనుకునేవోణ్ణి” అన్నాడు.

ఆ మాట నన్ను కోసింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, ఆయన నాకు చేసిన మేలు కూడా అదే. అబద్ధం చెప్పి ఊరడించలేదు. బండి పోయింది. గేటువాడు గొలుసు తీశాడు. రిక్షాతను దిగి తోస్తూ చిన్నబండి పట్టాలు దాటిస్తుంటే కుదుపుకి నాన్న కుడికాలు అదిరింది. దాటాక కూడా ఆగలేదు. ముడుచుకుంటోంది, పడుతోంది, ముడుచుకుంటోంది. నాన్న మోకాలి మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాడు. పట్టుకున్నా ఆగలేదు.

నేను రిక్షా ఆపించి, దిగి, వంగి చూశాను. కట్టు కట్టిన మడమ, కాళ్లు పెట్టుకునే పలక చివర ఇనుపరేకుకి నొక్కుకుపోయి ఉంది. గుడ్డ మీద ఎర్రగా తడి కనిపించింది. కాలెత్తి, నా శాలువా మడత పెట్టి కింద వేసి, పాదాన్ని దాని మీద పెట్టాను. రెండుసార్లు అదిరి కాలు నెమ్మదించింది.

ఏటని అడిగాడు నాన్న.

“మడమ నొక్కుకుపోయింది. నిన్నే పిలుస్తోంది” అన్నాను.

“నాకినబడదు కదే” అన్నాడు. “నువ్వే ఇనుకోవాల.”

సరేనని మళ్లీ ఎక్కి కూర్చున్నాను.